చెన్నై ఎండకు కరిగిపోని బటర్ బామ్‌లు ఇంట్లో చేసుకోవడం ఎలా

షియా బటర్, అంటే ఆఫ్రికాలో పెరిగే షియా చెట్టు గింజల కొవ్వు, కొని, ఏదో వీడియో చూసి బీటర్‌తో బాగా గిలక్కొట్టి, తెల్లగా నురగలా వచ్చిన క్రీమ్‌ను సీసాలో పెట్టి మురిసిపోయేలోపే అది నూనెలా జారిపోయిందా? కంగారు పడకండి, మీరు చేసిన తీరులో లోపమేమీ లేదు. ఆ కొలతలు రాసినవాళ్ళు చలిదేశాల్లో ఉంటారు, వాళ్ళ గదిలో ఇరవై డిగ్రీలుంటే ఎక్కువ. ఇక్కడ చెన్నైలో మే నెలలో కత్తిరి వెయిల్, అంటే నడివేసవి మండుటెండలు, మొదలైందంటే వంటింట్లో ఫ్యాన్ తిరుగుతున్నా 35 దాటుతుంది, షియా మెత్తబడి కరగడం మొదలయ్యేదే దాదాపు 32 దగ్గర. రోళ్ళు పగిలే ఎండలో అది నురగలా నిలబడమంటే ఎలా నిలబడుతుంది?

అందుకే మనం కొనేముందు కరిగే ఉష్ణోగ్రత చూడాలి. వాసన, విటమిన్లు, ప్యాకెట్ మీద రాసిన పొగడ్తలు అన్నీ ఆ తర్వాతే. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కాబట్టే బెంగళూరులో ఉండే మా అక్క డిసెంబరులో సీసాను వేడినీళ్ళలో పెట్టుకుంటుంది, నాకు ఇక్కడ ఆ అవసరమే రాదు. షియా 32 నుంచి 38 మధ్య, మ్యాంగో బటర్ 34 నుంచి 38 మధ్య, కోకో బటర్ కూడా ఇంచుమించు అంతే, కోకుమ్ బటర్ మాత్రం 38 నుంచి 42 దాకా పోతుంది. తేనెమైనం, అదే షాపుల్లో బీస్‌వ్యాక్స్ అని అడిగేది, 62 దాటితే గానీ కరగదు. ఇక్కడొక చిక్కుంది. కోకుమ్ 40 దగ్గర కరుగుతుంది కదా అని దాన్ని నువ్వులనూనెలో కలిపేస్తే మిశ్రమం కూడా 40 దాకా గట్టిగా ఉంటుందనుకోవద్దు. రెండు కలిస్తే అంతకన్నా తక్కువకే మెత్తబడుతుంది. మైనం వేసేది ఇందుకే, నూనెను పట్టి ఉంచేది అదే.

ఏది కొనాలి

నన్నడిగితే చెన్నైలో ఉన్నవాళ్ళు మొదట కొనాల్సింది కోకుమ్, ఆ తర్వాత మ్యాంగో బటర్. అందరూ షియాతో మొదలుపెడతారు, పేరు ఎక్కువ వినబడుతుంది కాబట్టి. షియా మంచిదే, ఘనా, బుర్కినా ఫాసో, మాలి, నైజీరియా వైపు పెరిగే చెట్టు గింజల నుంచి వస్తుంది, అక్కడి ఆడవాళ్ళు గింజలు వేయించి, నూరి, నీళ్ళతో చేత్తో పిసికి పిసికి తీస్తారు. సబ్బుగా మారని పదార్థాలు, అంటే క్షారం కలిపినా సబ్బు కాకుండా మిగిలిపోయేవి, దీనిలో మిగతా బటర్ల కన్నా ఎక్కువ, అందుకే చర్మానికి హాయిగా ఉంటుంది. కానీ ఈ ఉక్కపోతలో రాసుకుంటే జిడ్డుగా అలాగే కూర్చుంటుంది, శుద్ధి చేయనిదైతే పొగచూరిన వాసన కూడా వస్తుంది. ఆ వాసన కొంతమందికి ఇష్టం, నాకు పడదు.

కోకుమ్ మన పడమటి కనుమలది. గోవా, కొంకణ్, ఉత్తర కన్నడ వైపు పులుపు కోసం వాడే కాయ గింజల కొవ్వు అది. అక్కడి ఇళ్ళల్లో కాళ్ళ పగుళ్ళకు ఎప్పటినుంచో రాస్తున్నారు, సంతల్లో గుడ్డు ఆకారంలో ముద్దలుగా చేసి అమ్మేవారు. చేత్తో విరిస్తే పెళుసుగా విరుగుతుంది, వాసన దాదాపు ఉండదు, రాసుకున్నాక షియా అంత జిడ్డు అనిపించదు. ఒక్కదాన్నే రాసుకుందామంటే మాత్రం కుదరదు, గట్టిగా చాక్‌పీస్‌లా గీసుకుంటుంది. నూనెతో కలపాలి.

మ్యాంగో బటర్ మామిడి టెంకలోని జీడి నుంచి తీస్తారు. రసం ఫ్యాక్టరీల్లో గుజ్జు తీసేశాక మిగిలే టెంకలే దీనికి ముడిసరుకు. ఇంట్లో మామిడిపళ్ళు తిని టెంకలు ఎండబెట్టి జీడి రుబ్బి తీద్దామని ఎవరైనా అనుకుంటుంటే మానేయండి, జీడిలో కొవ్వు కొద్దిగానే ఉంటుంది, మిల్లు లేకుండా రాదు. మామిడి సొన పడనివాళ్ళు, పండు తింటే మూతి చుట్టూ దద్దుర్లు వచ్చేవాళ్ళు దీన్ని ముందు చేతిమీద పరీక్షించుకోకుండా వాడొద్దు.

కోకో బటర్ చాక్లెట్ వాసన వేస్తుంది, దానికోసమే చాలామంది కొంటారు. మన ఏలూరు, పశ్చిమగోదావరి కొబ్బరితోటల్లో అంతరపంటగా కోకో బాగా పండుతుంది కాబట్టి ఇదేదో పరాయి సరుకు అనుకోనక్కర్లేదు. ఐరోపాలో 2000లో వచ్చిన చాక్లెట్ నిబంధనల్లో కోకో బటర్‌కు బదులుగా కొద్ది పాళ్ళలో వాడుకోవచ్చని ఒప్పుకున్న కొవ్వులు ఆరు, వాటిలో కోకుమ్, మామిడి జీడి, సాల్ చెట్టు గింజల కొవ్వు మూడూ మన దేశంలో దొరికేవే, షియా కూడా ఆ ఆరులోదే. వీటి కొవ్వు నిర్మాణం కోకో బటర్‌కు అంత దగ్గర. మనకు పనికొచ్చే సంగతేమిటంటే, ఎక్కడైనా వంటకం లాంటి కొలతల్లో కోకో బటర్ అని ఉండి మీ దగ్గర లేకపోతే ధైర్యంగా కోకుమ్ వేసేయండి, కాస్త ఎక్కువ గట్టిపడుతుంది, అంతే.

ఆదిలాబాద్ అడవుల వైపు వాడే ఇప్పనూనె కూడా ఈ కోవలోదే, షియా చెట్టూ ఇప్పచెట్టూ ఒకే కుటుంబం. ఊరినుంచి ఎవరైనా తెస్తే కాళ్ళకు వాడి చూడండి, కాకపోతే చెన్నైలో అది ఎక్కువ రోజులు నూనెగానే ఉంటుంది. ఇక అమెజాన్ అడవుల కుపువాసు, మురుమురు బటర్ల ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. మొదటిసారి చేసేవాళ్ళకు అవసరం లేదు.

కొనేటప్పుడు "బాడీ బటర్" అని రాసి ఉన్న డబ్బా వేరు, అసలు బటర్ వేరు. వెనక పదార్థాల పట్టీలో ఒకే ఒక్క పేరు ఉండాలి. కోకుమ్ అయితే గార్సీనియా ఇండికా, షియా అయితే వైటెలారియా పారడోక్సా, మామిడి అయితే మాంజిఫెరా ఇండికా. నీళ్ళు, పెర్ఫ్యూమ్, పారఫిన్ అని కనబడితే అది తయారైపోయిన క్రీమ్. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్ళు ఎండాకాలంలో పార్సిల్ కరిగి వచ్చినా గాభరా పడొద్దు, కరిగి గడ్డకట్టినంత మాత్రాన బటర్ పాడవదు. పాతనూనె కంపు కొడితే మాత్రం వెనక్కి పంపండి. బీస్‌వ్యాక్స్, వట్టివేరు, కస్తూరి పసుపు లాంటివి నాట్టు మరుందు కడల్లో, అంటే నాటుమందుల షాపుల్లో, అడిగితే దొరుకుతాయి. నువ్వులనూనె చెక్కు నూనె, అంటే మన గానుగ నూనె, ఏ పేటలో అయినా దొరుకుతుంది. వేయించిన నువ్వులది వద్దు, వాసన పోదు.

కాళ్ళ పగుళ్ళ బామ్

ముందు దీంతో మొదలుపెట్టండి. చెడిపోవడానికి పెద్దగా అవకాశం లేదు, ఫలితం కూడా త్వరగా తెలుస్తుంది. కోకుమ్ బటర్ 30 గ్రాములు, నువ్వులనూనె 55 గ్రాములు, బీస్‌వ్యాక్స్ 15 గ్రాములు. ఏప్రిల్, మే నెలల్లో చేస్తుంటే మైనం 18కి పెంచి నూనె 52కి తగ్గించండి. అన్నీ తూకంతోనే, చెంచాలతో కొలవొద్దు, ఎందుకంటే తురిమిన మైనం చెంచాలో ఎంత పడుతుందో చెప్పలేం. ఐదారు వందలకు దొరికే చిన్న డిజిటల్ కాటా ఉంటే చాలు.

గిన్నెలో కాసిని నీళ్ళు పోసి సన్నమంట మీద పెట్టండి. దానిమీద అమరేలా ఇంకో స్టీలు గిన్నె పెట్టి, పైగిన్నెలో ముందు మైనం, కొంచెం నూనె వేయండి. మైనం కరిగాక కోకుమ్, మిగతా నూనె వేయండి. నేరుగా మంటమీద పెడితే త్వరగా అయిపోతుంది కదా అనిపిస్తుంది, కానీ అడుగు మాడుతుంది, నూనె మాడితే వాసన మారుతుంది, పైగా నిప్పంటుకునే ప్రమాదం. పైగిన్నెలోకి నీటి ఆవిరి, చుక్కలు పడకుండా చూసుకోండి. గరిటె, డబ్బాలు అన్నీ పొడిగా ఉండాలి, తడి అనేదే తగలకూడదు.

మొత్తం పలచగా కరిగాక ఒక చెంచా చివర ముంచి తీసి ఆ చెంచాను రెండు మూడు నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి, తర్వాత బయటికి తీసి గది వేడికి రానిచ్చి వేలితో నొక్కి చూడండి. అరిసెల పాకం నీళ్ళలో వేసి ఉండ కడుతుందా లేదా అని చూస్తాం కదా, సరిగ్గా అలాగే. మరీ మెత్తగా ఉంటే రెండు గ్రాముల మైనం వేయండి, రాయిలా ఉంటే ఒక చెంచా నూనె వేయండి. ఈ పరీక్ష తెలిస్తే ఇక ఎవరి కొలతలూ మీకు అక్కర్లేదు, ఆ రోజు ఎండను బట్టి మీ అంతట మీరే సర్దుకుంటారు.

తర్వాత స్టవ్ కట్టేసి, కొంచెం వేడి తగ్గాక విటమిన్ ఇ కలిపి డబ్బాల్లో పోయండి. దీని గురించి ఒక మాట. మందులషాపులో దొరికే విటమిన్ ఇ క్యాప్సూళ్ళలో ఎక్కువగా ఉండేది టోకోఫెరిల్ ఎసిటేట్ అనే రూపం, అది డబ్బాలోని నూనె పాతబడకుండా ఆపలేదు. నూనెను కాపాడేది టోకోఫెరాల్, సీసామీద ఆ పేరు చూసి కొనండి, 100 గ్రాముల బామ్‌కు అర గ్రాము చాలు. అది కూడా నూనె కంపు కొట్టడాన్ని ఆలస్యం చేస్తుంది తప్ప క్రిముల్ని ఆపదు. నువ్వులనూనెలో సహజంగానే నిలవ ఉంచే గుణం ఉంది కాబట్టి లేకపోయినా కొన్ని నెలలు బాగానే ఉంటుంది.

రాత్రి కాళ్ళు కడుక్కుని, తడి పూర్తిగా ఆరకముందే రాసి సాక్సులు వేసుకోండి. కొవ్వు చర్మానికి నీళ్ళు ఇవ్వదు, ఉన్న నీటిని ఆవిరి కాకుండా మూత వేస్తుంది, అందుకే తడి కాలికి రాయమనేది. సాక్సులు లేకుండా నున్నటి టైల్స్ మీద నడిచారో, జారిపడతారు. పగుళ్ళు లోతుగా ఉండి రక్తం వస్తున్నా, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళ కాళ్ళయినా ఈ ప్రయోగాలు వద్దు, డాక్టర్‌కి చూపించండి.

లిప్ బామ్, లోషన్ బార్

లిప్ బామ్‌కి అదే పద్ధతి. మైనం 10 గ్రాములు, మ్యాంగో బటర్ 12, కొబ్బరినూనె 8, ఆముదం 10. ఆముదం మెరుపుకి. హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఎండలో బస్సెక్కినా పూర్తిగా కరిగిపోదు, మెత్తబడుతుందంతే. బండి డిక్కీలో మాత్రం పెట్టకండి.

వేసవిలో ఒంటికి రాసుకోవడానికి నురగ క్రీమ్ బదులు లోషన్ బార్ చేసుకోమంటాను. కోకుమ్ 40, మైనం 30, నూనె 30 గ్రాములు కరిగించి సిలికాన్ అచ్చుల్లో పోస్తే సబ్బుబిళ్ళలా గట్టిగా వస్తుంది. స్నానం చేశాక మోచేతులకు, మోకాళ్ళకు రుద్దుకుంటే ఒంటి వేడికి కొద్దిగా కరిగి అంటుకుంటుంది. నురగ క్రీమే కావాలని పట్టుబట్టేవాళ్ళు మార్గశిరం, పుష్యం దాకా ఆగండి, అప్పుడు షియా 60, మ్యాంగో 20, బాదం నూనె 20 గ్రాములు కరిగించి, ఫ్రిజ్‌లో పెట్టి, అంచులు తెల్లబడి మధ్యలో ఇంకా మెత్తగా ఉన్నప్పుడు తీసి బీటర్‌తో కొట్టండి. ఒక టీస్పూన్ ఆరారూట్ పొడి వేస్తే జిడ్డు తగ్గుతుంది. బెంగళూరు వాళ్ళకి ఈ బాధలేం లేవు, ఏడాదిలో చాలా నెలలు చేసుకోవచ్చు.

షియాతో ఇంకో తలనొప్పి, కొన్ని రోజులకు రవ్వ రవ్వగా అయిపోతుంది. పాడైందని పారేయకండి. దీనిలో రకరకాల కొవ్వులు ఒక్కొక్కటి ఒక్కో వేడి దగ్గర గడ్డకడతాయి. నెమ్మదిగా చల్లారితే ముందు గడ్డకట్టేవి గింజలు కట్టుకుంటాయి. చెన్నైలో పగలు కరగడం, రాత్రి ఏసీలో గడ్డకట్టడం రోజూ జరిగేదే కాబట్టి ఇది ఇక్కడ ఇంకా ఎక్కువ. మళ్ళీ పూర్తిగా, ఒక్క గింజ కూడా మిగలకుండా కరిగించి, గిన్నెను ఐస్ నీళ్ళలో పెట్టి కలుపుతూ త్వరగా చల్లార్చండి, నున్నగా వస్తుంది.

జుట్టుకు

ఇక్కడ ఆశ తగ్గించుకుంటే మంచిది. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి వెళ్ళగలదు, తలస్నానానికి ముందు రాస్తే వెంట్రుకలోని ప్రోటీన్ పోవడం తగ్గుతుందని మన దేశపు పరిశోధకులే 2003లో చూపించారు. బటర్లలో ఉండే స్టియరిక్, ఓలియిక్ ఆమ్లాలు అలా లోపలికి వెళ్ళవు, ఎక్కువగా పైన పొరలా ఉంటాయి. అంటే బటర్ జుట్టు పెంచదు, ఊడేదాన్ని ఆపదు. కొసలు గరుకుగా ఉంటే నున్నగా చేస్తుంది, చిక్కు తగ్గిస్తుంది, తేమగాలికి పైకి లేచే పిచ్చి వెంట్రుకల్ని అణుస్తుంది. ట్యాంకర్ నీళ్ళు, బోరు నీళ్ళతో తల రుద్దుకుని జుట్టు గడ్డిపోచల్లా అయిపోయినవాళ్ళకు ఈమాత్రం కూడా పెద్ద ఊరటే.

రింగుల జుట్టు, ఒత్తు జుట్టు వాళ్ళు మ్యాంగో బటర్ 30, కొబ్బరినూనె 60, ఆముదం 10 గ్రాములు కరిగించి పెట్టుకోవచ్చు, మైనం అక్కర్లేదు, మైనం తలలో చేరితే వదలదు. వేసవిలో ఇది నూనెలాగే ఉంటుంది, ఫరవాలేదు. తలస్నానం తర్వాత జుట్టు ఇంకా చెమ్మగా ఉండగా శనగగింజంత తీసుకుని అరచేతుల మధ్య కరిగించి కొసలకు మాత్రం రాయండి. సన్నటి, నిటారు జుట్టు వాళ్ళు దీన్ని స్నానానికి అరగంట ముందు రాసి కడిగేసుకోవాలి, లేకపోతే మూడు రోజులుగా తల రుద్దుకోనట్టు కనబడతారు. మాడుకు పట్టించొద్దు, ముఖ్యంగా చుండ్రు ఉంటే. చుండ్రుకు కారణమైన మలసీజియా అనే ఫంగస్‌కి కొవ్వే ఆహారం. ఎంత బాగా మర్దనా చేస్తే దానికి అంత విందు.

ముఖానికి, పిల్లలకి

మొటిమలు వచ్చే ముఖానికి కోకో బటర్, కొబ్బరినూనె రెండూ దూరం పెట్టండి, రంధ్రాలు మూసుకుపోయే రకాలు. జిడ్డు ముఖం ఉన్నవాళ్ళు చెన్నైలో ఏ బటరూ ముఖానికి రాసుకోనవసరం లేదని నా అభిప్రాయం, ఈ ఊరి గాలిలో ఉన్న తేమే చాలు. షియాలో సన్‌స్క్రీన్ గుణం ఉందని రాసేవాళ్ళని నమ్మి మెరీనాకి వెళ్ళకండి, అది లెక్కలోకి వచ్చేంత రక్షణ కాదు. గర్భంతో ఉన్నప్పుడు పొట్టమీద చారలు రావని కోకో బటర్ రాయమని చెబుతుంటారు, గర్భిణుల మీద జరిపిన పరీక్షల్లో అది రాసుకున్నవాళ్ళకీ ఉత్తుత్తి క్రీమ్ రాసుకున్నవాళ్ళకీ తేడా కనబడలేదు. దురద తగ్గి హాయిగా ఉంటుందంటే రాసుకోండి, చారలు రావని మాత్రం కాదు.

ఏది చేసినా మోచేతి లోపలి వైపు కొంచెం రాసి, నాలుగైదు రోజులు రోజుకు రెండుసార్లు అలా చేసి చూడండి. ఎర్రబడకపోతే వాడండి. సుగంధ తైలాలు వేస్తే 100 గ్రాములకు ఒక గ్రాము దాటొద్దు, నిమ్మతైలం అసలు వద్దు, రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలినట్టు అవుతుంది. పిల్లల కోసం చేస్తుంటే ఏ తైలమూ వేయకండి. వాసన కావాలంటే ఎండిన వట్టివేరు నువ్వులనూనెలో వేసి కొన్నాళ్ళు ఉంచి వడకట్టి ఆ నూనె వాడితే కమ్మగా ఉంటుంది.

నీళ్ళ సంగతి

కలబంద గుజ్జు, రోజ్‌వాటర్, పెరుగు, తేనె, నిమ్మరసం ఏదైనా సరే బామ్‌లో కలపొద్దు. నీరు లేని కొవ్వులో క్రిములు పెరగవు కాబట్టే మనం ప్రిజర్వేటివ్ లేకుండా నెట్టుకొస్తున్నాం. నీళ్ళు చేరిన రోజు నుంచి ఈ వేడికి, ఈ తేమకి బ్యాక్టీరియా, బూజు రెండూ మొదలవుతాయి, బూజు కంటికి కనబడేలోపే రాసుకుంటూ ఉంటాం. కలబంద రాసుకోవాలనుంటే ముందు అది రాసుకుని దానిమీద బామ్ రాయండి. అదే కారణంతో డబ్బాను బాత్‌రూమ్‌లో పెట్టొద్దు, తడివేలు పెట్టొద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బామీద చెమ్మ పడుతుంది, మూత తీయకుండా కాసేపు బయట ఉంచి తుడిచాక తెరవండి. చేసిన తేదీ రాసి అంటించండి, ఎందుకంటే మూడు డబ్బాలు పోగయ్యాక ఏది ఎప్పటిదో గుర్తుండదు. వాసన చూస్తే పాత మిక్చర్ పొట్లం గుర్తొచ్చిందంటే దాని పని అయిపోయినట్టే, తలుపు బందులకు పూసుకోండి.

ఇక గిన్నెలు. కరిగిన బటర్, మైనం ఎట్టి పరిస్థితుల్లోనూ సింకులో పోయకండి, పైపులో గడ్డకట్టుకుంటే ప్లంబర్ వచ్చేదాకా వంటింట్లో అడుగుపెట్టలేరు. గిన్నె వేడిగా ఉండగానే పాత పేపరుతో గట్టిగా తుడిచి ఆ పేపరు చెత్తబుట్టలో వేసి, తర్వాత వేడినీళ్ళు, సబ్బుతో తోమండి. మైనం అంటుకున్న గిన్నెను వంటకు వాడకుండా దీనికే పక్కన పెట్టుకోవడం మేలు.